అర డిగ్రీ పంతం

ఫిబ్రవరి 9

మామయ్యకి నమస్కారం.

మీ ట్రంకు పెట్టె పోయిన వారం మా డిపార్టుమెంటుకి చేరింది. మోసుకొచ్చిన ఇద్దరూ మెట్ల దగ్గర దించి, "లోపల ఇనుముందా మేడమ్?" అని అడిగారు. ఒక పెట్టెకి మూడు తాళాలు వేసి, మూడు చెవులూ మూడు కవర్లలో మూడు రోజులు పోస్టు చేయడం మీకే చెల్లింది. మూడోది రెండు రోజులు ఆగి వచ్చింది. అప్పటిదాకా పెట్టె చుట్టూ పిల్లుల్లా తిరిగాం.

ముప్పై నాలుగు వాతావరణం పుస్తకాలు. ముప్పై నాలుగేళ్లలో ఒక్క రోజు ఖాళీ లేదు. మీ పెళ్లిరోజు కూడా ఉంది. పక్కన "పది నిమిషాలు ఆలస్యం" అని రాశారు. ఈ సంగతి అత్తయ్యకి తెలుసా?

ఫోనులో మీకు సగమే వినపడింది కాబట్టి నేనేం చేస్తున్నానో మళ్లీ రాస్తాను. ఎండలు ముదిరితే మనుషులకు ఏమవుతుందో అందరూ చూస్తున్నారు. రాత్రి చల్లబడకపోతే ఏమవుతుందో చూసేవాళ్లు తక్కువ. పగలంతా వేగిన ఒంటికి రాత్రే కదా విశ్రాంతి. అది దొరకకపోతే గర్భిణులకు ఏమవుతుందన్నది నా ప్రశ్న. మీ నీటి సరఫరా ఆఫీసుకు ఎదురుగా ఉన్న ప్రసూతి ఆసుపత్రిలో పోయినేడు రెండు నెలలు కూర్చుని పుట్టుకల రిజిస్టర్లన్నీ ఎక్కించుకున్నాను. ఎవరు ఏ అంతస్తులో ఉన్నారు, బిడ్డ నెలలు నిండి పుట్టిందా, నిండకుండా పుట్టిందా, అన్నీ. ఇక కావలసింది ఆ వీధిలో ఆ రాత్రుల వేడి. సర్కారు వాతావరణ కేంద్రం మూడు చోట్లకు మారింది. మారనిది మీ యార్డులో థర్మామీటరు ఉండే తెల్ల పెట్టె ఒక్కటే. కాన్పుల గదికి ఎనభై అడుగుల దూరంలో ముప్పై నాలుగేళ్లు ఒకే చోట నిలబడింది. మీరూ నిలబడ్డారు.

మొదటి పదేళ్లు నిన్నే కలిపి చూశాం. మామయ్యా, నాకు కుర్చీలో కూర్చోబుద్ధి కావడం లేదు. రాత్రి వేడి ఇరవై ఏడు డిగ్రీల కిందికి దిగకపోతే, ఆ తరవాతి మూడు రోజుల్లో నెలలు నిండని కాన్పులు పెరుగుతున్నాయి. అదీ పై అంతస్తు వార్డులోనే, సిమెంటు కప్పు కింద పడుకున్నవాళ్లకే. కింది అంతస్తులో ఆ పెరుగుదల లేదు. అదే ఆసుపత్రి, అదే తిండి, అదే డాక్టర్లు.

ఆసుపత్రి పెద్దడాక్టరమ్మ నాకు మాట ఇచ్చింది. "ముప్పై నాలుగేళ్ల లెక్క గట్టిగా నిలబెట్టి చూపించు, ఆ వార్డుని కిందికి దించి, ఆఫీసుని పైకి పంపిస్తాను" అంది. ఆగస్టు ఇరవైన మా యూనివర్సిటీ కమిటీ కూర్చుంటుంది. వాళ్లు ఒప్పుకోకపోతే ఆవిడ నమ్మదు. నా పని కూడా అక్కడితో ఆగిపోతుంది.

మీ పుస్తకాలు జాగ్రత్త. ఎవరినీ చేతులు తడిచేసుకుని ముట్టుకోనివ్వడం లేదు.

మీ మేనకోడలు


ఫిబ్రవరి 17

పిడుగా,

నీ ఉత్తరం మీ అత్తయ్యకు చదివి వినిపించాను. పెళ్లిరోజు సంగతి తప్ప. ఆమె కళ్లజోడు పెట్టుకుని తనే చదువుకుంది. నీ పుణ్యమా అని రెండు రోజులుగా ఇంట్లో నాకు పది నిమిషాలు ఆలస్యంగా అన్నీ అందుతున్నాయి.

రోగులను చూడని డాక్టరు చదువు ఎందుకని మీ అమ్మతో నేను అన్నమాట నిజమే. వెనక్కి తీసుకుంటున్నాను. నా జీవితంలో వెనక్కి తీసుకున్న మాటల్లో ఇది రెండోది. మొదటిది ఏదో అడగకు.

ఆ పుస్తకాలు కార్బను కాపీలు. అసలువి ఆఫీసులో ఉండాలి. లేవు. ఒక వానాకాలం కప్పు కారితే బకెట్ల కింద ఎత్తు కోసం పెట్టారని విన్నాను. ముప్పై నాలుగేళ్లు రోజూ కార్బను కాగితం పెట్టి రాసి ఇంటికి తెచ్చుకుంటుంటే, "ఎవరి కోసమయ్యా ఈ రెండో కాపీ?" అని ఆఫీసంతా పళ్లికిలించింది. ఇవాళ వాళ్లలో బతికున్న నలుగురికీ నీ ఉత్తరం చూపించాను. ఒకడికి చూపు లేదు. చదివి వినిపించాను.

నీ దగ్గర చదివే పిల్లలకు థర్మామీటరు సంగతి చెప్పు. అది జ్వరం చూసేది కాదు. గుర్రపునాడాలా వంచి నిలువుగా బిగించిన గాజు గొట్టం, వెనక అంకెల పలక. ఒక కొమ్ము మీద పగటి గరిష్ఠం, ఇంకో కొమ్ము మీద రాత్రి కనిష్ఠం. పగటి కొమ్ము మీద అంకెలు పైకి పోయేకొద్దీ పెరుగుతాయి. రాత్రి కొమ్ము మీద పైకి పోయేకొద్దీ తగ్గుతాయి. కొత్తగా చేరిన ప్రతివాడూ మొదటి వారం అక్కడే బోల్తా పడతాడు. పొద్దున ఏడింటికి రెండూ చూసి రాసి, అయస్కాంతంతో లోపలి సూచికలను కిందికి దించాలి. అంతే పని. అంతే కాబట్టే ఎవడికీ చేతకాలేదు.

మా ఇంజనీరుకైతే అసలే చేతకాలేదు. ఆయన్ని నేను గొడుగు ఇంజనీరు అంటాను. చెరువు గట్టు మీద నడిచేటప్పుడు ప్యూను చేత గొడుగు పట్టించుకునేవాడు. నీళ్లలో ఆవిరయ్యేది ఎంతో లెక్క కట్టవలసినవాడు ఎండ ఎలా ఉంటుందో చూడకుండా రిటైరయ్యాడు. చరిత్రలో చాలామంది మూర్ఖుల గురించి చదివాను. గొడుగు కింద నిలబడి ఎండను అంచనా వేసినవాడు ఈయనొక్కడే.

తక్కినవి కూడా చూసి వెంటనే రాయి. పోస్టుమాను కోసం గేటు దగ్గర నిలబడటం ఈ వయసులో నాకు కొత్త.

ఎవరి మెప్పూ అక్కర్లేని,
మీ మామయ్య


మార్చి 28

మామయ్యకి నమస్కారం.

ఆలస్యమైంది, తిట్టకండి. ఇరవై మూడు పుస్తకాలు పూర్తయ్యాయి. ఇరవై మూడేళ్లూ గీత ఒకటే. ఇరవై ఏడు దాటితే పెరుగుదల, దాటకపోతే లేదు. మా గైడుగారు అరవై ఏళ్ల మనిషి, ఎప్పుడూ మెచ్చుకోని మనిషి, తెరమీద ఆ గీత చూసి టీ చల్లారబెట్టుకుంది. ఆ సాయంత్రం అందరం క్యాంటీనులో గట్టిగా మాట్లాడుకుంటుంటే పక్క బల్లవాళ్లు లేచి వెళ్లిపోయారు.

ఇరవై నాలుగో పుస్తకంలో ఒక చిక్కు వచ్చింది. ఆ ఏడు సెప్టెంబరు నుంచి మీ రాత్రులు హఠాత్తుగా చల్లబడ్డాయి. అర డిగ్రీ కంటే కొంచెం ఎక్కువ. ఊళ్లో మేడలు లేస్తుంటే, చెట్లు పోతుంటే రాత్రులు వేడెక్కాలి కదా, చల్లబడ్డాయి. అక్కణ్ణుంచి చివరి దాకా, పదకొండేళ్లు అలాగే ఉంది. దాంతో కాన్పుల గీత కూడా జరిగిపోయింది. ఇరవై ఏడు దగ్గర మొదలవ్వాల్సింది ఇరవై ఆరున్నరకే మొదలవుతోంది. "ఆడవాళ్ల శరీరాలు ఆ సెప్టెంబరులో మారిపోలేదు కదా, అంకెలు మారాయి" అన్నారు గైడుగారు. కారణం తెలిసి సరిచేస్తే తప్ప ఆ పదకొండేళ్లు వాడనివ్వనన్నారు. అవి తీసేస్తే మిగిలేది పాతకాలపు లెక్క. ఇప్పటి వేడికి అది చెల్లదంటుంది కమిటీ.

అందుకే అడుగుతున్నాను. అప్పుడు థర్మామీటరు మార్చారా? పెట్టె జరిపారా? మీకు ఒంట్లో బాగోక ఇంకెవరైనా చూసి రాశారా? ఆ అంకెలను ఎలా సరిచేయాలో తెలిస్తే చాలు, గండం గడిచినట్టే.

మీ మేనకోడలు


ఏప్రిల్ 4

డాక్టరు అమ్మగారికి,

థర్మామీటరు మార్చలేదు. పెట్టె జరపలేదు. నాకు ఒంట్లో బాగానే ఉంది, ఇప్పటికీ ఉంది. నా బదులు ఇంకొకరు చూసి రాయడమన్నది ఆ ఆఫీసులో జరగలేదు, ఎందుకంటే ఇంకొకరికి రాదు.

"సరిచేయాలి" అన్నమాట నీ ఉత్తరంలో రెండుసార్లు ఉంది. ఈ మాట నేను ఇదివరకు చదివాను. నా కాన్ఫిడెన్షియల్ రిపోర్టులో, "ఇతని అంకెలు నమ్మదగినవి కావు, సరిచూడవలసినవి" అని గొడుగు ఇంజనీరు రాశాడు. ఆ ఒక్క వాక్యంతో నాకు రావలసిన ప్రమోషను నా కింద చేరినవాడికి పోయింది. ఇన్నేళ్లకు ఆ వాక్యం మళ్లీ పోస్టులో వచ్చింది. ఈసారి నా సొంత చెల్లెలి కూతురి చేతిరాతలో. మీ గైడుగారు ఆయనకు ఏమవుతుందో కనుక్కో. ఇటువంటివాళ్లకు చుట్టాలు ప్రతి ఊళ్లోనూ ఉంటారు.

ఆయన నాకేం చేశాడో నీకు తెలియదు. పై నుంచి వచ్చిన అతిథుల ముందు ఆయన కూడికలో తప్పుంటే చెప్పాను. అదే నేరం. నా ప్యూనుని గొడుగు డ్యూటీకి మార్చాడు. హాజరు పట్టీ పై అంతస్తుకి మార్పించి, ఏడింటికి యార్డులో ఉన్నవాణ్ణి ఏడుంబావుకి వచ్చినట్టు రాయించాడు. మర్నాడు నేను ఎక్కి చూసే స్టూలు లోపలికి పట్టించుకుపోయాడు, ఆఫీసు సామాను ఎండకు పాడవుతోందని. రాతలో ఇవ్వమంటే నవ్వాడు. నా టీ గ్లాసు సంగతి వేరే ఉత్తరమవుతుంది.

అంతటివాడి ముందు కూడా నేను తల వంచలేదు. ఒక్క రోజు నాగా పెట్టలేదు. పుస్తకాలు తిప్పి పంపించు. చెవులు మూడూ ఒకే కవరులో పంపినా ఫర్వాలేదు, ఇక దాచేదేముంది.

మీ అమ్మ అన్నయ్య


ఏప్రిల్ 6

మామయ్యకి నమస్కారం.

మీ జవాబు ఇంకా రాలేదు, నేనే ఆగలేక రాస్తున్నాను. ఇవాళ మా విద్యార్థిని ఒకమ్మాయి, మాకు అక్కర్లేని పని చేసింది. మాకు కావలసింది రాత్రులే కదా, ఆమె మీ పగటి అంకెలు కూడా ఎక్కించింది. రాత్రులు చల్లబడిన రోజునే పగళ్లు వేడెక్కాయి, మామయ్యా. అంతే అర డిగ్రీ పై చిల్లర. ఒకటి కిందికి, ఒకటి పైకి. సెప్టెంబరు పదకొండున లేదు, పన్నెండున ఉంది.

థర్మామీటరు పాడైతే రెండూ ఒకవైపే పోతాయి. ఊరి వాతావరణం మారితే ఒక్క పొద్దులో మారదు. ఆ అమ్మాయి బోర్డు ముందు నిలబడి "ఇలా చేయగలిగింది ఏదీ లేదు మేడమ్, ఏదీ" అంటోంది. గైడుగారు తన క్లాసు మరిచిపోయారు. పిల్లలు వచ్చి తలుపు దగ్గర నిలబడితే వాళ్లనీ లోపలికి పిలిచి బోర్డు చూపించారు.

ఆ పన్నెండో తారీఖున మీ యార్డులో ఏమైంది? మీకు గుర్తుండదని నేననుకోను.

మీ మేనకోడలు


ఏప్రిల్ 13

మామయ్యకి నమస్కారం.

మీ నాలుగో తారీఖు ఉత్తరం అందింది. మొదటిసారి చదివి ఏడ్చాను. రెండోసారి చదివి, అమ్మకి ఫోను చేసి మీ మీద చాడీలు చెప్పాను. "వాడికి చిన్నప్పట్నుంచీ అంతేనే, అన్నం కంటే అలక ఎక్కువ తిన్నాడు" అంది. మూడోసారి చదువుతుంటే స్టూలు కనపడింది.

మీరు దాన్ని ప్యూనుకీ టీ గ్లాసుకీ మధ్య పెట్టి వెళ్లిపోయారు.

"మీ అన్నయ్య ఎత్తెంత?" అని అమ్మని మళ్లీ అడిగాను. "అయిదడుగుల ఒక అంగుళం. రెండని చెబుతాడు" అంది. మా పరికరాల గదిలో సరిగ్గా మీరు చెప్పిన గుర్రపునాడా థర్మామీటరు ఒకటి దుమ్ము కొట్టుకుని ఉంది. మీ పెట్టె ఎత్తులో గోడకు బిగించాం. ఇరవై మందిని పిలిచాం. ముందు దానికి సమానంగా కళ్లు పెట్టి చూడమన్నాం, తరవాత మీ ఎత్తుకి మోకాళ్లు వంచి, తల పైకెత్తి చూడమన్నాం. కింది నుంచి చూస్తే కన్ను గొట్టాన్ని దాటి వెనక పలక మీద ఒక గీత పైన పడుతుంది. పగటి కొమ్ము మీద ఒక గీత పైన అంటే ఎక్కువ వేడి. రాత్రి కొమ్ము మీద ఒక గీత పైన అంటే ఎక్కువ చలువ. పాయింటు ఆరు డిగ్రీలు, మామయ్యా. పైకి ఆరు, కిందికి ఆరు. మీ పుస్తకంలో ఉన్నంతే.

ఇరవయ్యోవాడు చదివి చెప్పగానే గదిలో అందరూ ఒక్కసారి అరిచారు. పై అంతస్తులో ఎవరో నేల మీద కర్రతో కొట్టారు. గైడుగారు బల్ల ఎక్కి తనూ చూసి, దిగి మోకాళ్లు వంచి మళ్లీ చూసి, "ఆయన ఎవరోగానీ చేయి పట్టుకుని దండం పెట్టాలి" అన్నారు. అన్నట్టు, ఆవిడ చుట్టాల్లో ఇంజనీరన్నవాడే లేడట.

ఇక సరిచేయడం అంటే మిమ్మల్ని సరిచేయడం కాదు. పదకొండేళ్ల ప్రతి రాత్రికీ ఆరు కలపడం. అంతే. ఒక కాగితం మీద మీరు, "ఫలానా రోజు నుంచి కింది నుంచి చూశాను" అని రాసి సంతకం చేసి పంపండి. ఈ వారంలోనే.

ఎగిరి గంతేస్తున్న మీ మేనకోడలు


ఏప్రిల్ 22

పిడుగా,

నీ ఉత్తరం రాగానే వంటింటి గోడకు థర్మామీటరు ఒకటి తగిలించాను. మీ అత్తయ్య చేత చూపించాను, నేను చూశాను. ఆమె నాకంటే జానెడు పొడుగు. ఆరు కాదు, అయిదున్నర వచ్చింది. మా గోడ తిన్నగా లేదు. నీ లెక్క సరైనదే.

అబద్ధమెందుకు, పాత రోజుల్లో కొత్త పరికరం వచ్చినప్పటిలా, ఒక గంట సేపు నాకు నా వయసు గుర్తులేదు. "ఇంకోసారి చూడు" అని మీ అత్తయ్యను తొమ్మిది సార్లు నిలబెట్టాను. పదోసారికి నన్ను పక్కకు నెట్టి పొయ్యి కట్టేసింది.

ఆ తరవాత కూర్చుని ఆలోచించాను. అంటే గొడుగు ఇంజనీరు నా రిపోర్టులో రాసింది నిజం. నా అంకెలు నమ్మదగినవి కావు. దానిమీద నేను పెట్టుకున్న నాలుగు అప్పీళ్లూ తప్పు. నా ప్రమోషను తిన్నవాడు న్యాయంగానే తిన్నాడు. ఇరవై ఏళ్లుగా ఆయన ఎదురైతే రోడ్డు దాటి అవతలికి పోయాను, అదీ తప్పే.

ఈ కాగితం నేను రాయను. నేను చదివినన్ని ఆత్మకథల్లో తన తప్పుతో మొదలుపెట్టినవాడు ఒక్కడూ లేడు. ఈ వయసులో ఆ సంప్రదాయం నేను ప్రారంభించలేను. నీ ఇరవై మంది మోకాళ్లు వంచి చూశారుగా, ఆ సాక్ష్యం చాలు.

మీ మామయ్య


మే 20

మామయ్యకి నమస్కారం.

చాలదట. ఎత్తును బట్టి ఊహించడం వేరు, అలాగే జరిగిందని ఎవరైనా చెప్పడం వేరు అన్నారు గైడుగారు. మీరు రాయనన్నారు కాబట్టి రెండోవాడి దగ్గరికి వెళ్లాను. కోప్పడండి, కానీ చివరిదాకా చదివి కోప్పడండి.

మీ ఇంజనీరుగారు ఇప్పుడు కూతురి దగ్గర, నాలుగో అంతస్తు ఫ్లాటులో ఉన్నారు. బాల్కనీలో కూర్చుని పేపరులో చిక్కులెక్కలు పూరిస్తున్నారు. ఎనభైకి దగ్గర పడ్డారు, మాట స్పష్టంగానే ఉంది.

"వాతావరణం రాసే ఆయనా? పొట్టిగా ఉండేవాడు, అవునవును. మంచి మనిషమ్మా. టైము తప్పేవాడు కాదు."

"ఆయన స్టూలు మీరు తీయించారట."

"స్టూలా?"

"యార్డులో, తెల్ల పెట్టె దగ్గర."

పేపరు మడిచి పక్కన పెట్టారు. "ఏమోనమ్మా. ఎన్ని స్టూళ్లు, ఎన్ని కుర్చీలు. తీయించే ఉంటాను. కావలసి వస్తే ఇంకోటి అడగొచ్చుగా ఆయన? ఇచ్చేవాణ్ణే."

రిపోర్టులో రాసిన వాక్యం సంగతి అడిగాను. నవ్వారు. "అందరికీ అదే వాక్యం. టైపిస్టు పేర్లు మార్చి కొట్టేసేది. నేను చదవకుండా సంతకం పెట్టేవాణ్ణి. ఎవరికైనా నష్టం జరిగిందా ఏమిటి?"

నేను సంచి సర్దుకుని లేచాను. వచ్చేస్తుంటే, "ఆయన రోడ్డు మీద ఎదురైనప్పుడల్లా అవతలికి పోతుండేవాడు. ఎండకి నీడ కోసం అనుకునేవాణ్ణి. బాగున్నాడా?" అని అడిగారు.

మామయ్యా, ఆయన మీతో ఎప్పుడూ పోట్లాడలేదు. మీరొక్కరే పోట్లాడారు.

ఇక అసలు సంగతి. కమిటీ అడగబోయే ప్రశ్న ఒక్కటే ఉందన్నారు గైడుగారు. "పదకొండేళ్లలో ఆయన ఎప్పుడూ దేని మీదా ఎక్కి చూడలేదా? కుర్చీ, డబ్బా, ఏదైనా?" కొన్ని రోజులు ఎక్కి, కొన్ని రోజులు ఎక్కకపోతే, ఏ రాత్రికి ఆరు కలపాలో ఎవరికీ తెలియదు. పదకొండేళ్లూ పోతాయి. ప్రతిరోజూ ఒకేలా తప్పయితేనే అది సరిచేయగలిగిన తప్పు. ఈ జవాబు లోకంలో మీ దగ్గర తప్ప ఎవరి దగ్గరా లేదు. ఎవరైనా ఒక రోజు ఏ బకెట్టో బోర్లించుకుని ఎక్కుతారు కదా, అది మనిషి సహజం. అలాగే జరిగిందంటే అలాగే రాయండి. నాకు నిజం కావాలి, నాకు పనికొచ్చేది కాదు.

పై అంతస్తులో ఇవాళ ఇరవై రెండు మంది ఉన్నారు. నిన్న రాత్రి వేడి ఇరవై ఎనిమిది డిగ్రీలు.

మీ మేనకోడలు


జూన్ 6

పిడుగా,

రెండు వారాలు నీ ఉత్తరం నా చొక్కా జేబులో తిరిగింది. "మంచి మనిషమ్మా" అన్నాడా? నిజంగా ఆ మాటే అన్నాడా? తిట్టి ఉంటే బాగుండేది. ఇరవై ఏళ్లు మనసులో దాచుకున్న జవాబులు, ఒకటి కంటే ఒకటి పదునైనవి, ఇక ఎవరికి చెప్పాలి? మీ అత్తయ్యకు చెప్పాను. "ఆయన మరిచిపోయాడు, మీకు భోజనం పెట్టనా?" అంది.

నీ ప్రశ్నకు జవాబు. నీకు నిజం కావాలన్నావు కాబట్టి రాస్తున్నాను.

ఏదైనా బకెట్టు ఎక్కడం మనిషి సహజమన్నావు. యార్డు గోడ పక్కన ఇటుకల కుప్ప ఉండేది. రెండు ఇటుకలు చాలు. స్టూలు పోయిన రోజు పొద్దున పెట్టె ముందు నిలబడి తల ఎత్తగానే, అంకె తప్పు పడుతోందని నాకు తెలుసు. కింది నుంచి చూడకూడదని కొత్తవాళ్లందరికీ నేర్పింది నేనే. ఎంత తప్పో కూడా తెలుసు, పోయిన ఉత్తరంలో తెలియనట్టు రాశాను. ఇటుకల వైపు చూశాను. ఎక్కలేదు. స్టూలు తీసేస్తే ఏమవుతుందో పుస్తకంలో కనపడాలి, ఎవడో ఒకడు చూడాలి, చూసి అడగాలి, అప్పుడు చెబుతాను గొడుగు ఇంజనీరు చేసిన పని, అనుకున్నాను. ఒక నెలలో అడుగుతారనుకున్నాను. ఆడిటు వచ్చింది, ఎవరూ అడగలేదు. సంవత్సరం అయింది. పై ఆఫీసు నుంచి తనిఖీ వచ్చింది, పుస్తకం తిప్పి "రాత బాగుంది" అని పోయారు. ఆ తరవాత ఆపడం ఓడిపోవడం అయింది.

పదకొండేళ్లు రోజూ ఆ ఇటుకల పక్క నుంచే నడిచి వెళ్లాను. ఒక్క రోజు ఎక్కలేదు. వాన రోజున ఎక్కలేదు, మెడ పట్టేసిన రోజున ఎక్కలేదు, చివరి రోజున దండ వేసి ఫొటో తీస్తామంటే కూడా ఎక్కలేదు. ఒక్క రోజైనా మనసు మెత్తబడి ఉంటే నీ లెక్క పోయేదని ఇప్పుడు అంటున్నావు. నా పంతం ఎవరికైనా ఉపయోగపడుతుందని మీ అమ్మ ఎప్పుడూ అనుకుని ఉండదు. ఆమెకు చెప్పు. ఉత్తరంలో వద్దు, ఎదురుగా చెప్పి మొహం ఎలా పెట్టిందో నాకు రాయి.

కాగితం జత చేశాను. అందులో ఇంజనీరు సంగతి తీసేయలేదు, నేను అంత మంచివాణ్ణి కాను. కింద రెండు మూడు వాక్యాలు చేర్చాను. ఇదీ పాఠం:

"నీటి సరఫరా ఆఫీసులో ముప్పై నాలుగేళ్లు వాతావరణం రాశాను. ఇరవై నాలుగో సంవత్సరం సెప్టెంబరు పన్నెండు నుంచి పదవీ విరమణ దాకా థర్మామీటరును కింది నుంచి తల ఎత్తి చూశాను. ఒక్క రోజు మినహాయింపు లేదు. స్టూలు తీయించినది అప్పటి ఇంజనీరు. ఇంకో స్టూలు అడగనిది నేను. పక్కనే ఉన్న ఇటుకలు ఎక్కనిది నేను. తప్పు పడుతోందని మొదటి రోజే తెలుసు. తెలిసీ రాశాను."

కమిటీలో దీన్ని గట్టిగా చదవాలంటే చదవనివ్వు. పేరు కూడా చదవనివ్వు.

మీ మామయ్య


ఆగస్టు 23

మామయ్యకి నమస్కారం.

ఒప్పుకున్నారు. ముందు అది రాసేస్తే మిగిలింది నెమ్మదిగా చదువుతారు.

కమిటీలో ఒకాయన లెక్కల మనిషి, ఏదీ నమ్మడు. "పదకొండేళ్లు ఒక మనిషి ఒక్క రోజు కూడా తప్పకుండా ఒకే తప్పు చేశాడంటే ఎలా నమ్మమంటారు?" అన్నాడు. గైడుగారు మీ కాగితం తీసి చదివారు. ఇటుకల దగ్గర ఇద్దరు నవ్వారు. "తెలిసీ రాశాను" దగ్గర ఎవరూ నవ్వలేదు. లెక్కలాయన కళ్లజోడు తీసి తుడుచుకుని, "ఇలాంటివాణ్ణి నేనొకణ్ణి ఎరుగుదును, మా నాన్న. ఆరు కలపండి" అన్నాడు. కలిపాక గీత తెరమీద పెట్టాం. ముప్పై నాలుగేళ్లూ ఒకే గీత. ఇరవై ఏడు దగ్గర వంగి పైకి లేస్తుంది, ఎవరో స్కేలు పెట్టి గీసినట్టు.

నిన్న వార్డు దించారు. నేను రాత్రి బండెక్కి వచ్చి పొద్దున్నే ఆసుపత్రిలో ఉన్నాను. మీ ఇంటికి రాలేకపోయాను, సాయంత్రమే తిరుగు బండి. ఇరవై రెండు మంచాలు. లిఫ్టులో మంచం పట్టదు. నర్సులు, వార్డు ఆయాలు, నేను, పెద్దడాక్టరమ్మ కూడా చీర కుచ్చిళ్లు దోపుకుని మెట్ల మీద మంచాలు దించాం. గుమాస్తాలు ఫైళ్లు నెత్తిన పెట్టుకుని పైకి ఎక్కుతుంటే, "ఈ వేడికి మేం చావాలా?" అన్నాడొకడు. "మీరు నెలలు నిండకుండా పుట్టరు, ఎక్కండి" అంది ఆయమ్మ. ఒక గర్భిణి కిందికి వచ్చాక కిటికీ పక్కన మంచం కావాలని గొడవ పెట్టి సాధించుకుంది. నాకు ఆమెను చూస్తే మీరు గుర్తొచ్చారు.

అమ్మకి ఎదురుగా చెప్పాను. మొహం ఎలా పెట్టిందంటే, "వాడు చిన్నప్పుడు..." అని మొదలుపెట్టి, పూర్తి చేయకుండా లేచి లోపలికి వెళ్లిపోయింది.

మీ మేనకోడలు


సెప్టెంబరు 2

పిడుగా,

నీ ఉత్తరం గేటు దగ్గరే చింపి రోడ్డు మీద చదివాను. పోస్టుమాను, "ఏం సార్, లాటరీయా?" అన్నాడు. వాడికి గీత సంగతి మొత్తం చెప్పాను. పాపం, ఇంకా పది వీధులు తిరగాలి వాడు, అయినా నిలబడి విన్నాడు.

తరవాత పాత పుస్తకాల నకళ్లు, నువ్వు పంపినవి, తీసి కూర్చున్నాను. చివరి పదకొండేళ్లకు ఆరు కలుపుకుంటూ పోయాను. నేను ఇరవై ఆరున్నర అని రాసి టీ తాగడానికి వెళ్లిన రాత్రులు నూట నలభై మూడు. అన్నీ ఇరవై ఏడు దాటినవి. రోడ్డుకు ఆ పక్కన ఏం జరుగుతోందో నాకు తెలియదు. నేను సరిగా రాసి ఉంటే ఎవరైనా చూసి ఉండేవారా? చూసేవారు కాదు. పుస్తకం తెరిచేవాళ్లు ఎవరో నాకంటే బాగా ఎవరికి తెలుసు? ఈ మాట నాకు నేను చాలాసార్లు చెప్పుకున్నాను. సరిపోవడం లేదు. దీనికి నువ్వు ఓదార్పు రాయకు, నీ పని చూసుకో.

నిన్న ఆసుపత్రికి వెళ్లాను. ముప్పై నాలుగేళ్లు ఎదురుగా పనిచేసి లోపల అడుగుపెట్టడం ఇదే మొదలు. కింది వార్డు గుమ్మం దగ్గర నిలబడ్డాను. కిటికీలన్నీ తీసి ఉన్నాయి. మంచాలు లెక్కపెట్టాను, ఇరవై రెండు. కిటికీ పక్కన ఉన్నావిడకు అప్పుడే పుట్టిన బిడ్డ. నెలలు నిండాయో లేదో అడగాలనిపించింది. ఒక మగమనిషి అడిగే ప్రశ్న కాదని ఆగాను.

నర్సు వచ్చి, "ఎవరి తాలూకు?" అంది.

"వార్డు తాలూకు" అన్నాను.

"వార్డు తాలూకు ఏంటి తాతగారూ? మగవాళ్లు ఇక్కడ నిలబడకూడదు. బయటికి దారి అటు" అని చూపించింది.

దారి నాకు తెలుసు. లోపలికి వచ్చినవాణ్ణే కదా. ఆ మాట నోటిదాకా వచ్చింది. ఆమె చూపించిన వైపే బయటికి వచ్చాను.

మీ మామయ్య